బొమ్మల గదిలో బొమ్మ వేయడం: డెల్టా చిత్రశాలల్లో ప్రయోగ చిత్రాల ప్రదర్శనకు ఏ పద్ధతి మేలు?

మన వైపు ‘బొమ్మ’ అంటే గోడకు వేలాడే చిత్రమూ అవుతుంది, తెర మీద ఆడే సినిమా కూడా అవుతుంది. మాట ఒకటే గానీ రెండింటి అవసరాలకు పొంతన లేదు. గోడ మీది బొమ్మకు వెలుతురు కావాలి, తెర మీది బొమ్మకు చీకటి కావాలి. మొదటిదాని ముందు ఎంతసేపు నిలబడాలో చూసేవారు నిర్ణయించుకుంటారు, రెండోదాని ముందు ఎంతసేపు ఉండాలో తీసినవారు ముందే నిర్ణయించి పెడతారు. మూడు పదులు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట రాజమండ్రిలో ఉన్న చిత్రశాల గానీ, గోదావరి డెల్టాలోని కళాశాలల్లో అక్కడక్కడా ఉన్న చిన్న ప్రదర్శన గదులు గానీ మొదటి రకం బొమ్మ కోసం ఏర్పడినవి. అటువంటి గదిలో ప్రయోగాత్మక చిత్రాలను, వీడియో కళను, కంప్యూటరుతో నడిచే కొత్త మాధ్యమాల కృతులను చూపించాలనుకునేవారికి ఎదురయ్యే ఎంపికలను ఒక్కొక్కటిగా పోల్చి చూపడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ పనికి పూనుకున్నవారు నన్ను ముందుగా అడిగేది “ఏ ప్రొజెక్టర్ కొనమంటారండీ?” అనే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేను మరొకటి అడుగుతాను: చూడవచ్చేవారు నడుస్తూ చూస్తారా, కూర్చుని చూస్తారా? ఇది తేలితే ప్రొజెక్టరు, గది, వేళ, ఎంచుకోవలసిన చిత్రాలు, చివరికి కుర్చీల సంఖ్య కూడా వాటంతట అవే తేలతాయి. ఇది తేలకుండా కొన్న యంత్రం ఏడాది తిరగకుండానే బీరువాలోకి చేరుతుంది.

లూపా, ఆటా?

చిత్రశాలలో కదిలే బొమ్మను చూపడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఉదయం తలుపులు తీసిన దగ్గర నుంచి సాయంత్రం మూసేదాకా చిత్రం ముగిసిన వెంటనే మళ్లీ మొదలవుతూ ఉండడం ఒకటి. దీన్నే లూప్ అంటారు. ఫలానా రోజు ఫలానా వేళకు కుర్చీలు వేసి, తలుపులు మూసి, మొదటి నుంచి చివరి దాకా చూపడం రెండోది. టాకీసుల కాలం నుంచి మనకున్న ‘ఆట’ అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. పెద్ద నగరాల మ్యూజియంలలో లూప్ వాడుక ఎక్కువ గనుక అదే ఆధునికమనీ, ఆట పాతపద్ధతి అనీ చాలామంది అనుకుంటారు. నా అనుభవం ఆ అభిప్రాయాన్ని బలపరచలేదు.

మధ్యలో వచ్చి మధ్యలో వెళ్లే చూపు మనకేమీ కొత్త కాదు. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. రాత్రి పొడుగునా సాగే ఆ ఆటలో జనం లేచి వెళ్లి టీ తాగి వస్తారు, పిల్లలు చాప మీదే నిద్రపోతారు, కేతిగాడూ బంగారక్కా తెర మీదికి రాగానే మళ్లీ లేచి కూర్చుంటారు. రామాయణం అందరికీ తెలిసిన కథ కావడం వల్ల గంటసేపు చూడకపోయినా తెగిన దారం దొరుకుతుంది. కథ తెలియని చిత్రానికి, అసలు కథే లేని చిత్రానికి ఆ వెసులుబాటు అన్నివేళలా ఉండదు. ఆండీ వార్హోల్ 1964లో ఒకే ఆకాశహర్మ్యం మీద కెమెరా నిలిపి తీసిన చిత్రం నిడివి 8 గంటల 5 నిమిషాలు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి చూసినా దాని స్వభావం అర్థమవుతుంది. క్రిస్టియన్ మార్క్లే 2010లో వేలాది సినిమా తునకలు కూర్చి చేసిన 24 గంటల కృతిలో తెర మీది గడియారాలు చూసేవారి చేతి గడియారంతో సరిపోతూ నడుస్తాయి; దానికి మొదలూ చివరా అన్న ప్రసక్తే లేదు. ఇవి నడిచే చూపరి కోసం ఉన్నవి. మైకేల్ స్నో 1967లో తీసిన 45 నిమిషాల చిత్రం అలా కాదు. ఒక గది ఈ చివర నుంచి ఆ చివరి గోడ మీదున్న సముద్రపు అలల ఫోటో దాకా జూమ్ మెల్లమెల్లగా సాగుతుంది. ముప్ఫయ్యో నిమిషంలో లోపలికి వచ్చి ముప్ఫై రెండో నిమిషంలో బయటికి పోయిన మనిషికి కనబడేది ఖాళీ గది తప్ప మరేమీ కాదు.

కాబట్టి చిత్రాన్ని ఎంచుకున్నాక వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో కాలం పోగుపడుతూ అర్థం తయారవుతున్నదా, లేక ఏ క్షణానికి ఆ క్షణమే పూర్తిగా ఉన్నదా? మొదటి రకానికి ఆట, రెండో రకానికి లూప్ అన్నది స్థూలమైన సూత్రం.

డెల్టాలోనే ఒక చిత్రశాలలో పద్దెనిమిది నిమిషాల వీడియో ఒకటి లూపులో పెట్టినప్పుడు ఒక మధ్యాహ్నమంతా గది మూలన కూర్చుని గమనించాను. వచ్చినవారు తలుపు దగ్గర ఆగేవారు, చీకటికి కళ్లు అలవాటు పడేలోపే వెనుదిరిగేవారు. లోపల బల్ల ఒక్కటీ లేదు. మండపేట నుంచి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన మాత్రం గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడి, చివరికి కాపలా కుర్రాణ్ణి అడిగారు: “ఇందాకట్నుంచీ ఇదే వత్తందండి, సినిమా ఎప్పుడేత్తారండీ?” ఆయన ప్రశ్నలో వెటకారం లేదు. మొదలెక్కడో తెలియని దాన్ని ఆయన ఇంకా మొదలుకానిదిగానే లెక్కవేశారు. మరునాడు మేము రెండు పనులు చేశాం. గదిలో రెండు బల్లలు వేయించి, తలుపు పక్కన “చిత్రం ప్రతి గంటకూ, ప్రతి అరగంటకూ మొదలవుతుంది, నిడివి 18 నిమిషాలు” అని అట్ట రాసి పెట్టాం. మిగిలిన పన్నెండు నిమిషాలు తెర ఖాళీగా ఉండి, గదిలో చిన్న దీపం వెలిగేది. ఆ ఖాళీని యాజమాన్యం వృథా అనుకున్నది గానీ, చిత్రాన్ని చివరి దాకా చూసినవారు ఆ రోజు నుంచే కనబడసాగారు.

ఆ అనుభవం తరువాత నేను పాటిస్తున్న కొలత ఇది. పది నిమిషాల లోపు చిత్రాన్ని నిశ్చింతగా లూపులో పెట్టవచ్చు. పది నుంచి పాతిక నిమిషాల చిత్రానికి మొదలయ్యే వేళలు తలుపు దగ్గర రాసి పెట్టాలి. అంతకు మించినదాన్ని, వార్హోల్ వంటి మినహాయింపులు తప్ప, ఆటగానే వేయాలి. రోజుకు పట్టుమని పాతికమంది రాని చిన్న ఊరి చిత్రశాలకు వారానికో నెలకో ఒక్క ఆటే లూపు కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. అరవై మంది కలిసి చూసిన చిత్రం గురించి మర్నాడు టీ కొట్టు దగ్గర మాట వస్తుంది, ఒక్కరొక్కరుగా తొంగిచూసి పోయినదాని గురించి రాదు.

హాలులోనా, ఆరుబయటా?

ఆట అనుకున్నాక లోపలా బయటా అన్న ప్రశ్న వస్తుంది. ఆరుబయలు ఆకర్షణ నాకు తెలియనిది కాదు. డేరా టాకీసుల్లో నేల టిక్కెట్టు కొని చూసిన తరం ఇంకా మన మధ్యే ఉన్నది. పెరట్లో తెర కడితే మ్యూజియం గడప తొక్కడానికి జంకేవారు కూడా వచ్చి కూర్చుంటారు. అయితే డెల్టా గాలిలో ఉండే తడి అన్నిటికన్నా పెద్ద పేచీ.

ఒక భాద్రపదపు సాయంత్రం ఒక చిత్రశాల వెనుక పెరట్లో ఆట ఏర్పాటు చేశాం. భద్రత కోసమని ప్రొజెక్టరును మధ్యాహ్నమంతా ఏసీ గదిలో ఉంచి, ఏడింటికి బయటికి తెచ్చి బల్ల మీద పెట్టి వెలిగించాం. తెర మీది అక్షరాలు పలచటి పాలలో ముంచినట్టు తెల్లబారి, అంచులు కరిగిపోయి కనిపించాయి. ఫోకస్ రింగు ఎటు తిప్పినా ప్రయోజనం లేకపోయింది. యంత్రం ఆపి టార్చి వేసి చూస్తే లెన్సు నిండా సన్నటి ఆవిరి పొర, చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టు. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయినట్టే పోయి మళ్లీ కమ్ముకున్నది. ఇరవై నిమిషాలకు లెన్సు బయటి గాలి వెచ్చదనానికి చేరుకున్నాక దానంతట అదే విడిపోయింది. ఈలోపు ముందు వరుసలో పిల్లలు తెర మీద చేతులతో కుందేళ్లను ఆడించారు. ఆ తరువాత ఎప్పుడు బయట ఆట పెట్టినా గంటన్నర ముందే యంత్రాన్ని బయటికి తెచ్చి, మూతి కట్టిన పాలిథిన్ సంచిలోనే ఉంచి, అది బయటి వేడికి అలవాటు పడ్డాకే సంచి విప్పుతున్నాం.

వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వెలుగు దారిలో అవి ఎగురుతుంటే తెర మీద రెక్కల నీడలే నిండిపోతాయి. 1963లో స్టాన్ బ్రాకేజ్ కెమెరా వాడకుండా చిమ్మెట రెక్కలను, పూల రేకులను పారదర్శకపు టేపు మధ్య అంటించి నాలుగు నిమిషాల లోపు చిత్రం ఒకటి చేశాడు. మన పెరట్లో శ్రావణమాసంలో అది ఉచితంగా జరుగుతుంది గానీ మనం వేసిన చిత్రం మాత్రం కనబడదు.

వేళ విషయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరులో మన వైపు ఐదున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి ఆరుంబావుకల్లా ఆట మొదలుపెట్టవచ్చు. మే నెలలో ఏడుంబావు దాకా ఆగాలి, పల్లెల నుంచి వచ్చినవారికి ఆఖరి బస్సు దాటిపోతుంది. అందుచేత ఆరుబయటి ఆటలను కార్తీకం వానలు తగ్గాక, డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా పెట్టుకోవడం మంచిది. ధనుర్మాసపు మంచుకు రాత్రి తొమ్మిది దాటితే తెర గుడ్డ తడుస్తుంది, ఆలోపే ముగించాలి. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వద్దు. కోడిపందేల బరి దగ్గర ఉండే జనాన్ని ప్రయోగ చిత్రానికి రప్పించగల మొనగాడెవరూ ఇంకా పుట్టలేదు. మిగిలిన తొమ్మిది నెలలూ హాలే శరణ్యం.

ప్రొజెక్టరా, టీవీయా?

ఇక్కడ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే చాలు: ప్రొజెక్టరు నలుపును వేయలేదు. తెర మీద నలుపు అంటే అక్కడ వెలుతురు పడకపోవడమే. 3,500 ల్యూమెన్ల (యంత్రం వెదజల్లే వెలుతురుకు కొలత) ప్రొజెక్టరుతో రెండున్నర మీటర్ల వెడల్పు బొమ్మ వేస్తే తెర విస్తీర్ణం దాదాపు 3.5 చదరపు మీటర్లు గనుక తెల్లటి భాగం మీద సుమారు 1,000 లక్సుల (చదరపు మీటరుకు పడే ల్యూమెన్ల లెక్క) వెలుతురు పడుతుంది. కిటికీల నుంచి అదే గోడ మీద 200 లక్సులు పడుతున్నాయనుకుంటే నలుపు కావలసిన చోట 200, తెలుపు కావలసిన చోట 1,200 ఉంటాయి; అంటే తేడా ఆరింతలే. రాత్రి దృశ్యాలన్నీ బూడిదరంగు గోడలవుతాయి. ఇంతకు రెట్టింపు ల్యూమెన్ల యంత్రం కొన్నా తేడా పదకొండింతలకు మించదు, కిటికీకి దళసరి నల్లగుడ్డ కడితే కొద్ది ఖర్చుతోనే అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి డబ్బు ముందు గుడ్డ మీద పెట్టాలి, తరువాతే యంత్రం మీద. ఆ గుడ్డ వల్ల పక్కనున్న జలవర్ణ చిత్రాలకూ మేలే. కాగితం మీది నీటిరంగులకు 50 లక్సులకు మించిన వెలుతురు తగదన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే కొలత.

టీవీకి ఈ చిక్కు లేదు. పగటి వెలుతురులో కూడా బొమ్మ నిలుస్తుంది, ఆన్ చేయడం ఎవరికైనా తెలుసు. అయితే 55 అంగుళాల టీవీ వెడల్పు 122 సెంటీమీటర్లే. దాని ముందు నలుగురైదుగురు హాయిగా చూస్తారు, పదిహేను మంది తోసుకుంటారు. లూపులో పెట్టే పది నిమిషాల లోపు వీడియోకు టీవీ, అరవై మంది ఆటకు ప్రొజెక్టరు అన్నది నా సలహా. టీవీ వాడేవారు మొదట చేయవలసింది దాని సెట్టింగుల్లోకి వెళ్లి, కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపివేయడం. అది ఉంటే ఫిల్ము మీద తీసిన చిత్రమంతా సీరియల్‌లా కనిపిస్తుంది. రెండోది, పాత వీడియో కృతులు 4:3 కొలతలో, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లుగా, ఉంటాయి. వాటిని తెర నిండా సాగదీస్తే మనుషులంతా గుమ్మడికాయల్లా తయారవుతారు. అటూ ఇటూ నల్లని పట్టీలు ఉండనివ్వాలి. “తెర ఖాళీ ఉందండీ, నింపేయమంటారా?” అని ఎవరో ఒకరు రిమోట్ పట్టుకుని తప్పక వస్తారు, ఒప్పుకోవద్దు.

ప్రొజెక్టరులో పాత దీపపు రకం కన్నా లేజరు రకానికి ధర ఎక్కువ. రోజంతా నడిచే లూపుకు లేజరు తప్పనిసరి అనిపిస్తుంది గానీ, వారానికొక్క ఆటకు దీపపు రకం చాలు. ఈ దీపపు రకానికి కరెంటు ఠక్కున పోవడం మంచిది కాదు; దీపాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా దాంతోపాటే ఆగిపోతుంది. కాబట్టి ప్రొజెక్టరుకూ, ఫైలు ఆడించే పెట్టెకూ కలిపి ఒక యూపీఎస్ ఉండాలి. ఇళ్లలో ఉండే చవకరకం ఇన్వర్టర్ల మీద స్పీకర్లు నడిపితే గుయ్యిమనే మోత వస్తుంది. శబ్దమే ప్రధానమైన కృతులకు కరెంటును నునుపైన అలలా ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టరు కావాలి.

సీలింగు ఫ్యాను సంగతి ఎవరూ రాయరు గనుక నేను రాస్తున్నాను. మన హాళ్లలో ఫ్యాన్లు లేకుండా అరవై మంది కూర్చోలేరు. ప్రొజెక్టరును వెనుక గోడ మీద ఎత్తుగా బిగిస్తే వెలుగు దారికి ఫ్యాను రెక్క అడ్డొచ్చి తెర పైభాగం టపటపా కొట్టుకుంటుంది. చిత్రమే అలా ఉన్నదేమో అనుకుని ప్రేక్షకులు మర్యాదగా ఊరుకుంటారు. యంత్రం బిగించే ముందు ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా ఒకసారి బొమ్మ వేసి చూసుకోవాలి.

రీలా, ఫైలా?

సెల్యులాయిడ్ మీద తీసిన చిత్రాన్ని సెల్యులాయిడ్ మీదే చూడాలన్న వాదనలో న్యాయముంది. చేత్తో గీసిన, గీకిన, అంటించిన చిత్రాల్లో ఫిల్ము పట్టీయే కాన్వాసు. అయినా మన డెల్టాలో రీలును నేను సిఫారసు చేయను. ఈ రీళ్లకు వాడే అసిటేట్ ఫిల్ముకు వేడీ తేమా రెండూ శత్రువులే; అది పాడవుతుంటే డబ్బా మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన వస్తుంది, ఆ తరువాత అది ముడుచుకుపోయి యంత్రంలో ఎక్కదు. విదేశపు రీలుకు రవాణా, కస్టమ్స్, బీమా ఖర్చులుంటాయి. నడిచే స్థితిలో ఉన్న 16 ఎం.ఎం. (ఫిల్ము పట్టీ వెడల్పు) ప్రొజెక్టరు దొరికినా, తెగిన చోట అతకగలిగిన మనిషి పక్కన లేకపోతే ధైర్యం చేయరాదు.

ఫైలు ఎంచుకున్నా రీలు లెక్క తెలిసి ఉండడం అవసరం. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, ఉంటాయి. 400 అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేముల వేగంతో 11 నిమిషాలు ఆడుతుంది. మూగ చిత్రాలు కొన్ని సెకనుకు 18 ఫ్రేములతో ఆడవలసినవి. వాటిని 24కు ఎక్కించి చేసిన ఫైలు అయితే 12 నిమిషాల చిత్రం 9 నిమిషాలకే ముగిసి, మనుషులు పరుగులు పెడుతున్నట్టుంటుంది. కాబట్టి ఫైలు రాగానే దాని నిడివిని పంపిణీదారు చెప్పిన నిడివితో సరిచూసుకోవాలి. సినిమా హాళ్లకు వాడే డీసీపీ ఫైలును మామూలు ల్యాప్‌టాప్ నేరుగా ఆడించదు. చిత్రశాలకు మంచి నాణ్యత గల ఎంపీ4 ఫైలు అడగడమే తేలిక. లూపుకు టీవీకి నేరుగా పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలా టీవీల్లో ప్రతిసారీ ఫైలు పేరు తెర మీద పడుతుంది, రెండు చుట్ల మధ్య నల్లని ఆగుడు కూడా ఉంటుంది; చిన్న మీడియా ప్లేయర్ పెట్టెతో ఆ బాధ తీరుతుంది.

కంప్యూటరుతో నడిచే కృతులు

చూపరి కదిలితే మారే తెరలు, సెన్సర్లు, వీఆర్ (కళ్లజోడు తొడుక్కుంటే చుట్టూ దృశ్యం కనిపించే ఏర్పాటు) వంటివాటి విషయంలో నా సలహా క్లుప్తంగానే ఉంటుంది. కృతి ఎంత గొప్పదన్నది తరువాత చూడవచ్చు, ఉదయం దాన్ని ఎవరు వెలిగిస్తారన్నది ముందు తేల్చుకోవాలి. కరెంటు పోయి వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే మొదలయ్యే కృతిని తీసుకోవచ్చు; పాస్‌వర్డు కొట్టి, మూడు కిటికీలు తెరిచి, నాలుగో మీట నొక్కితే గానీ నడవని కృతి రెండో రోజే ఆగిపోతుంది. వీఆర్ కళ్లజోడు ఒక్కటే ఉంటే, పది నిమిషాల కృతిని ఆరు గంటల్లో ఎంత హడావిడిగా చూపినా 36 మందికి మించి చూడలేరు. మన వేసవిలో ఒకరి నుదుటి చెమట తుడిచి మరొకరికి తొడగడానికే అందులో సగం సమయం పోతుంది. బడిపిల్లలు బస్సు నిండా వచ్చే చోట ఇది పనికిరాదు. పిల్లల గుంపులకు నీడలతోనో, కదలికతోనో స్పందించే పెద్ద గోడ తెర నూరుపాళ్లు మెరుగు.

ఏ చిత్రాలు?

ఒకే కళాకారుడి చిత్రాలన్నీ వరుసగా వేయడం, ఒక విషయం చుట్టూ వేర్వేరు చిత్రాలు కూర్చడం, స్థానికంగా యువకులు తీసినవాటితో సాయంత్రం నింపడం అన్న మూడింటిలో మొదటి ఏడాది రెండోదాన్నే ఎంచుకోమంటాను. ఒక్కరి చిత్రాలే అయితే మొదటిది నచ్చనివారికి ఆ సాయంత్రమంతా పోయినట్టే. స్థానిక చిత్రాలు మాత్రమే అయితే తీసినవారి బంధువులు తప్ప మరెవరూ రారు, వచ్చినవారికి పోల్చుకోవడానికి మరొకటి ఉండదు.

డెల్టాకు నీటి కన్నా తగిన విషయం ఏముంటుంది? యోరిస్ ఇవెన్స్, మానుస్ ఫ్రాంకెన్ కలిసి 1929లో ఆమ్‌స్టర్‌డామ్ మీద కురిసిన వానను పన్నెండు నిమిషాల చిత్రంగా మలిచారు; కాలువలో మొదటి చినుకుల వలయాలు, ఒక్కసారిగా విచ్చుకునే గొడుగులు, ట్రాము అద్దం మీద జారే నీరు. అదే ఏడాది అమెరికాలో రాల్ఫ్ స్టైనర్ నీటి మీది వెలుగునీడలను తప్ప మరి దేన్నీ చూపకుండా చిత్రం తీశాడు. రెండూ మూగ చిత్రాలు, కథ లేదు, భాష అడ్డురాదు. కాలువ గట్ల మీద బతికే మనిషికి వీటిని వివరించవలసిన పని లేదు. నీటి మీద చినుకు పడితే ఎలా ఉంటుందో ఆయనకు ఇవెన్స్ కన్నా తక్కువ తెలియదు. ఆ రెండింటి వెనుక మన కుర్రవాళ్లు ఫోనుతో ధవళేశ్వరం దగ్గరో, నరసాపురం రేవులోనో తీసిన అయిదారు నిమిషాల తునకలు వేస్తే, వాటిని చూసే కన్ను అప్పటికే తయారై ఉంటుంది. తరువాతి నెలలో స్టైనర్ కన్నా కఠినమైనదాన్ని వేయవచ్చు.

మన దేశపు చిత్రాలను మరిచిపోరాదు. 1960ల చివర కేంద్ర ప్రభుత్వపు చిత్ర నిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌లో ప్రమోద్ పతి, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి వంటివారు ప్రభుత్వ సొమ్ముతోనే సాహసోపేతమైన ప్రయోగాలు చేశారు. పతి 1968లో తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ ఆనాటి యువతరం మీద మెరుపువేగపు కత్తిరింపులతో సాగుతుంది. 1972 నాటి ‘ఆబిద్’లో బతికున్న మనిషినే బొమ్మలా ఒక్కో ఫ్రేముగా కదిలించాడు. సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ చిత్రం వేయడం ఆ రోజుల్లో హాళ్లకు తప్పనిసరి. ‘న్యూస్ రీలు’ అంటూ మన పెద్దలు బయట బఠాణీలు కొనుక్కుంటూ గడిపిన ఆ పది నిమిషాల్లో ఇటువంటివి కూడా ఉండేవి. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ అయిన ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది. చిత్రాల కోసం అక్కడే అడగాలి.

మొత్తం నిడివి గంట, గంటా పది నిమిషాలు దాటకూడదు. ముందుమాట అయిదు నిమిషాలు, అది కూడా చిత్రానికి అర్థం చెప్పడానికి కాకుండా ఏం గమనించాలో చెప్పడానికి. తెలుగు కరపత్రం ఇస్తే చీకట్లో చదవలేరు, వెలుతురులో చదివితే చిత్రం చూడరు, మాటే మేలు. వెలుగు చీకట్లు వేగంగా కొట్టుకునే చిత్రాలకు మాత్రం మూర్ఛ ఉన్నవారిని ముందే హెచ్చరించి తీరాలి. టోనీ కాన్రాడ్ 1966లో నలుపు తెలుపు ఫ్రేములతోనే తీసిన అరగంట చిత్రం మొదట్లోనే అటువంటి హెచ్చరిక ఉంటుంది. మనం దాన్ని తెలుగులో, టిక్కెట్టు బల్ల దగ్గరే చెప్పాలి.

అనుమతులు

యూట్యూబులో కనబడుతున్నది కదా అని చిత్రశాలలో వేయడం తగదు. ఇంట్లో చూడడం వేరు, ప్రజలకు చూపడం వేరు. లండన్‌లోని లక్స్, పారిస్‌లోని లైట్ కోన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాన్యన్ సినిమా వంటి పంపిణీ సంస్థలు రుసుము తీసుకుని ప్రయోగ చిత్రాలను ప్రదర్శనకు ఇస్తాయి. ఒక్క ఆటకు అడిగే రుసుమూ, మూడు నెలల లూపుకు అడిగే రుసుమూ ఒకటి కావు. చిన్న చిత్రశాలకు ఆట వైపు మొగ్గడానికి ఇదొక అదనపు కారణం. మన చట్టం ప్రకారం సినిమా హక్కు ప్రచురితమైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1929 నాటి మూగ చిత్రానికి ఆ గడువు తీరినా, దానికి తరువాత జోడించిన సంగీతానికీ, ఆ రికార్డింగుకూ వేరే హక్కులు ఉండవచ్చు. అనుమానమైతే శబ్దం ఆపి వేయండి, లేదా మన వీణ విద్వాంసులెవరినైనా పక్కన కూర్చోబెట్టండి. ఇక 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రజా ప్రదర్శనకు ధ్రువపత్రం కావాలి. చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉన్నది. దరఖాస్తుకు సమయం పడుతుంది కాబట్టి డిసెంబరు ఆటకు దసరా ముందే కాగితాలు పెట్టుకోవాలి.

ఒకే గది, చేతిలో కొద్దిపాటి సొమ్ము ఉన్న చిత్రశాల నన్ను అడిగితే ఇలా చెబుతాను: కిటికీలకు నల్లగుడ్డ, ఒక మామూలు దీపపు ప్రొజెక్టరు, రెండు మంచి స్పీకర్లు, యూపీఎస్, నెలకొక శనివారం ఆట, వరండాలో ఒక టీవీ మీద పది నిమిషాల లోపు లూపు ఒకటి. రెండు గదులుండి, వేసవి సెలవుల్లో జనం బాగా వచ్చే చోటయితే రెండో గదిని వేళలు రాసిన లూపుకు కేటాయించవచ్చు. ఏది ఎంచుకున్నా ముందురోజు సాయంత్రం, ఆట వేళకే, ఫ్యాన్లన్నీ వేసి, తలుపులు మూసి, చివరి వరుసలో మూల కుర్చీలో కూర్చుని చిత్రం మొత్తం ఒకసారి చూడండి. ఆ కుర్చీకి తెర కింది అంచు ముందువారి తలల వెనుక మాయమైతే తెరను ఒక జానెడు పైకి లేపాలి.